ఇరవై ఒక్క అడుగుల గోడ

"ఈ గోడను పట్టుకునేది ఎవరు బాబాయ్ గారూ?"

ప్లాను కాగితం మీద పెన్సిల్ మొన ఆనించి ఇంజనీరమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న అది. నా స్నేహితుడి కూతురు. స్ట్రక్చరల్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. చేసి సొంతంగా ప్రాక్టీసు పెట్టుకుంది. ప్రశ్న నాకు బొత్తిగా అర్థం కాలేదు. ఇంటిని పట్టుకునేదే గోడ. దాన్ని ఇంకొకరు పట్టుకోవడం ఏమిటి?

2023 సంక్రాంతి వెళ్ళిన వారం అది. గుంటూరు గోరంట్లలో మాకున్న మూడు వందల గజాల స్థలంలో ఇల్లు మొదలుపెట్టాలని ఏళ్ళ తరబడి అనుకుంటూ చివరికి ధైర్యం చేశాం. మా అమ్మాయి ఫోనులో చూసి ముచ్చటపడిన బొమ్మ ఒకటి ఉంది. హాలు మీద మొదటి అంతస్తు స్లాబు ఉండదు, తలెత్తితే నేరుగా పైకప్పే. కింది నుంచి పై వరకు ఒకటే గోడ. ఆర్కిటెక్టు ఆ బొమ్మనే ప్లానులోకి దించాడు. హాలు 24 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు. పడమటి గోడ 24 అడుగుల పొడవున, 21 అడుగుల ఎత్తున ఏకాండీగా లేస్తుంది. మధ్యలో పిల్లరు లేదు, బీము లేదు. బొమ్మలో అందంగానే ఉంది.

నా మొహంలో అయోమయం చూసి ఆ అమ్మాయి మాట మార్చింది.

"మిర్చి యార్డులో టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, ఎత్తుగా పేరుస్తారు కదా, ఒకే వరసను విడిగా నిలబెడితే ఉంటుందా?"

పాతికేళ్ళుగా కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తున్నవాడిని, నన్ను అడగవలసిన ప్రశ్నే. "ఉండదమ్మా. నాలుగో టిక్కీకే ఊగుతుంది. పక్క వరసతో కలిపి, ఒకసారి అడ్డంగా ఒకసారి నిలువుగా మార్చి పేరిస్తేనే నిలుస్తుంది."

"మరి ఈ గోడకు పక్క వరస ఏది?"

అప్పుడు వెలిగింది. మామూలు ఇంట్లో పదడుగుల దగ్గర స్లాబు వచ్చి గోడ నెత్తిని నాలుగు వైపులా బిగించి పడుతుంది. మధ్యలో పడక గది గోడో వంటింటి గోడో అడ్డంగా వచ్చి తగులుతుంది. అవి చేసే ఈ పని మన కంటికి కనిపించదు, స్లాబు అంటే మనకు పై అంతస్తుకు నేల మాత్రమే. మేము ఆ స్లాబును తీసేసి, అది చేస్తున్న పనిని ఎవరికీ అప్పగించకుండా వదిలేశాం.

ఆ అమ్మాయి కాగితం అంచున ఒక లెక్క రాసింది. గోడ ఎత్తు 252 అంగుళాలు. మందం 9. భాగిస్తే 28. ఇటుక కట్టడాలకు మన దేశంలో ప్రమాణం ఐఎస్ 1905. సిమెంటు పాళ్ళతో కట్టిన గోడకు ఈ నిష్పత్తి 27 దాటకూడదని అందులో ఉంది. పొడవు వైపు నుంచి చూస్తే 288ని 9తో భాగించాలి, 32 వస్తుంది. రెండింటిలో తక్కువ అంకెనే లెక్కకు తీసుకోవచ్చు, అయినా హద్దు దాటింది. "ఒక్కటే కదా ఎక్కువైంది" అన్నాను లెక్కలవాడి బుద్ధి పోనిచ్చుకోక. "గోడ తన బరువును తాను మోస్తూ కదలకుండా ఉన్నప్పటి మాట ఇది. గాలిని ఇంకా లెక్కలోకి తీసుకోలేదు" అంది. మేస్త్రి అంతకుముందే నాలుగున్నర అంగుళాల గోడ చాలునని, ఇటుక సగానికి సగం మిగులుతుందని నాకు చెప్పి ఉన్నాడు. ఆ లెక్కన ఎత్తు, మందాల నిష్పత్తి 56. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

గాలి లెక్క విన్నాక నాకు నిజంగా చెమట పట్టింది. గాలి ఒత్తిడికి ఐఎస్ 875 మూడో భాగం ప్రమాణం. అందులో విజయవాడకు మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. మనకూ అదే తీసుకుంటున్నానంది. వేగాన్ని వేగంతో హెచ్చించి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల తోపు. చుట్టూ ఇళ్ళున్నాయా, గోడ ఎంత ఎత్తున ఉందన్నదాన్ని బట్టి ఈ అంకె తగ్గుతుంది, పెరుగుతుంది. పెద్ద చిత్రం కోసం అలాగే ఉంచి నేనే హెచ్చవేశాను. మా గోడ 504 చదరపు అడుగులు, దాదాపు 47 చదరపు మీటర్లు. ఏడు టన్నులు! దివిసీమ ఉప్పెన ఏడాది, 1977లో, నేను పసివాణ్ణి. ఆ రాత్రి మా ఊళ్ళో గాలి ఎట్లా వీచిందో అమ్మ నోట వందసార్లు విన్నాను. ఏడు టన్నులంటే ఏమిటో ఆమెకు అంకెలతో పని లేకుండానే తెలుసు.

భూకంపానిది ఇంకో తీరు. 2016 నాటి ప్రమాణంలో మనది మూడో జోను. గాలి గోడను బయటి నుంచి తోస్తే, భూకంపంలో గోడ బరువే గోడకు శత్రువు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ అంత మేర కడితే ఇరవై టన్నులు తూగుతుంది. నేల అదిరితే ఆ ఇరవై టన్నులూ హాలులోకి పడిపోవాలని చూస్తాయి. కింద సోఫాలో మనం.

"అయితే డబుల్ హైట్ మానేద్దాం" అన్నాను. మా అమ్మాయి గుడ్లురిమింది. ఇంజనీరమ్మాయి నవ్వి, "మానక్కర్లేదు బాబాయ్ గారూ. స్లాబు పని ఇంకొకరికి అప్పగిద్దాం" అని గోడ బొమ్మ మీద రెండే గీతలు గీసింది. ఒకటి నిలువు, ఒకటి అడ్డం. గోడ నడిమధ్యన ఒక పిల్లరు, పదిన్నర అడుగుల ఎత్తున ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక బీము. పెద్ద గోడ నాలుగు ముక్కలైంది. ఒక్కో ముక్క 12 అడుగుల పొడవు, పదిన్నర అడుగుల ఎత్తు. ఇక దాని మందానికి ఢోకా లేదు.

ఇక్కడే నేను తప్పుగా అనుకున్న ఇంకో విషయం బయటపడింది. బీము వచ్చి పట్టుకుంది కనుక పిల్లరు కూడా సగం ఎత్తుదే అయిపోయిందని సంబరపడ్డాను. సగమే నిజమట. బీము గోడ వెంబడి పోతుంది కాబట్టి ఉత్తర దక్షిణాలుగా పిల్లరును కదలనివ్వదు. కానీ గాలి కొట్టేది పడమటి నుంచి, గోడకు అడ్డంగా. ఆ దిక్కున బీముకు వెనక ఆనుకునేందుకు స్లాబు లేదు, అడ్డగోడ లేదు. మూలల్లోని పిల్లర్లకు అటు తిరిగిన గోడలూ బీములూ ఉన్నాయి కనుక వాటికి బాధ లేదు. నడిమి పిల్లరు మాత్రం ఆ దిశలో 21 అడుగులూ ఒంటరిగా నిలబడాలి. పైగా రెండు వైపుల గోడ ముక్కల మీద పడ్డ గాలి తోపును బీము తెచ్చి దాని నడుం మీదే పెడుతుంది.

అందుకని ఆ పిల్లరును గోడ వెంబడి 12 అంగుళాలు, గోడకు అడ్డంగా 18 అంగుళాలు పెట్టింది. కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456లో ఆసరా లేని పొడవును ఆ దిక్కు మందంతో భాగిస్తే 12 లోపు రావాలి, అప్పుడే దాన్ని పొట్టి స్తంభం అంటారు. గోడ వెంబడి 126ని 12తో భాగిస్తే పదిన్నర, సరిపోయింది. అడ్డంగా 252ని 18తో భాగిస్తే 14. అంటే కొంచెం పొడవు స్తంభమే, వంగితే వచ్చే అదనపు భారాన్ని కూడా కలిపి ఇనుము లెక్క కట్టానంది. మా వీధిలో అందరూ వేసినట్టు 9 అంగుళాల పిల్లరు వేసి, నడిమి బీము కూడా మానేసి ఉంటే ఆ అంకె 28 అయ్యేది. అలా కట్టిన ఇళ్ళు నిలబడలేదా అంటే నిలబడ్డాయి. వాటికి ఇంకా పెద్ద గాలి పరీక్ష రాలేదంతే.

18 అంగుళాల పిల్లరు 9 అంగుళాల గోడలో ఇమడదు. మిగిలిన 9 అంగుళాలు లోపలికి రావాలా, బయటికి పోవాలా? నట్టింట్లోకి స్తంభం పొడుచుకు రావడానికి మా అమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. నేను వాస్తు శాస్త్రం జోలికి పోను కానీ, పడమటి వైపు ఎత్తుగా, బరువుగా ఉండాలని ఆమె అనడమూ, ఇంజనీరమ్మాయి ఆ వైపే ఇంత కాంక్రీటు పోయడమూ బాగానే కుదిరాయి. పిల్లరు బయటికే తోశాం. దానికి సరిపడా కిటికీలకు సజ్జలు, నిలువు పలకలు పెట్టాక ఆ పొడుపు కావాలని పెట్టినట్టే ఉంది. మే నెల సాయంత్రం నాలుగు గంటలకు గోడ మీద దాని నీడ పడుతుంటే ఆ తొమ్మిదంగుళాలు నాకు ఎంతో ఇష్టం.

కిటికీ విషయంలో పేచీ ఎక్కువ రోజులే నడిచింది. మా అమ్మాయికి కింది నుంచి పైదాకా ఒకటే అద్దం కావాలి. "అద్దం మీదా గాలి అంతే తోస్తుంది. ఆ తోపు చట్రంలోకి పోవాలి, చట్రం నుంచి పిల్లరుకో బీముకో చేరాలి. చుట్టూ ఇటుకే ఉంటే ఇటుకను లాగేస్తుంది" అని ఇంజనీరమ్మాయి. గుంటూరు ఎండకు పడమటి అద్దం ఏమిటని నేను. చివరికి నాలుగు ముక్కల్లోనూ ఒక్కో కిటికీ, ఐదడుగుల వెడల్పు, పిల్లర్లకు మూడడుగులకు పైగా దూరంగా. పై రెండూ తెరుచుకోని టఫెన్డ్ గ్లాసు, వాటి నెత్తిన వేడిగాలి పోయే రంధ్రాలు. ప్రతి కిటికీ కింద, పైన కాంక్రీటు బెల్టు పిల్లరు నుంచి పిల్లరుకు పోయింది. కిటికీ ఎంత వెడల్పో అంత లింటెల్ చాలునన్న మేస్త్రి మాట ఇక్కడ చెల్లలేదు.

ఉగాది వెళ్ళాక పునాదులు తీశాం. మాది నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారే నేల. ఒక పిల్లరు అర అంగుళం దిగినా ఎత్తు గోడలో అది పగులై కనిపిస్తుందని, గట్టి పొర తగిలేదాకా తవ్వించి బేస్‌మట్టం బీములు దిట్టంగా వేయించింది. ఆ ఖర్చు ఎత్తు గోడ లేకపోయినా తప్పేది కాదు.

ఇనుము వచ్చిన రోజు చిన్న గొడవ. ఊచలు పన్నెండు మీటర్లవి. లారీలో పట్టడానికి కొట్టువాళ్ళు అలవాటుగా మధ్యకు మడిచి పంపారు. మేస్త్రి వాటిని సాగదీసి వాడదామన్నాడు. ఆ అమ్మాయి ఆ బండిని అలాగే వెనక్కి పంపించి, నడిమి పిల్లరు వరకైనా తిన్నగా ఉన్న ఊచలు తెప్పించమంది. నిలువునా అతుకు లేకుండా ఒకే ఊచ పోతే మంచిది, అతుకు తప్పనిచోట అన్నీ ఒకే ఎత్తున రాకూడదు అని ఆమె పట్టు. రింగుల కొసలు తొంభై డిగ్రీలు వంచి వదిలేస్తుంటే, 135 డిగ్రీలు లోపలికి మడవమని ఒక్కొక్కటీ చేత్తో చూసి వెనక్కి ఇచ్చింది. మెట్ల మధ్య చప్టా బీము ఒక మూల పిల్లరుకు సగం ఎత్తులో తగులుతుంది. దాంతో ఆ పిల్లరు అక్కడ పొట్టిదై బిగుసుకుపోయి, భూకంపంలో తన వంతుకు మించిన భారం లాక్కుంటుందట. దానికి అడుగు నుంచి పైదాకా నాలుగంగుళాలకు ఒక రింగు. రాడ్ బెండింగ్ కుర్రాళ్ళు తిట్టుకుంటూ కట్టారు.

కాంక్రీటు పోయడం దగ్గర మేస్త్రి తనే జాగ్రత్త తెలిసినవాడు. ఇరవై అడుగుల పై నుంచి పారబోస్తే కంకర కిందికి, నీళ్ళు పైకి విడిపోతాయి. ఐదడుగులకు మించి వదలకూడదని ఎవరూ చెప్పకుండానే ముక్కలు ముక్కలుగా పోశాడు. అతని అనుభవం చాలనిది హాలు పైకప్పు సెంట్రింగు దగ్గర. మామూలు స్లాబుకు పదడుగుల సరుగుడు బాదులు పెడతారు. ఇక్కడ 21 అడుగులు. రెండు బాదులు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి చెక్క ముక్కతో మేకులు కొట్టి జోడించడం మొదలుపెట్టాడు. గోడకు చెప్పిన పాఠమే బాదుకూ వర్తిస్తుందని అప్పటికి నాకే తెలిసిపోయింది. ఫోను చేశాను. వాటిని తీయించి ఇనుప గొట్టాల పరంజా అద్దెకు తెప్పించింది. ఐదారడుగులకు ఒక అడ్డపట్టీ, మూల నుంచి మూలకు ఏటవాలు బిగింపులు. అద్దె చూసి గుండె గుభేలుమంది. పైగా ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చిపడి, అమ్మ మంచి రోజు దాకా స్లాబు వేయనివ్వలేదు. అద్దె మీటరు తిరుగుతూనే ఉంది. ఆరు మీటర్ల లోపు బీముకు ఆసరాలు 14 రోజులు ఉంచితే చాలునని ప్రమాణంలో ఉన్నా, ఎత్తు దృష్ట్యా మూడు వారాలు కదిలించనివ్వలేదు ఆమె.

గోడకు బీము కింద బూడిద ఇటుక, బీము పైన తేలిక బ్లాకులు వాడాం. అంతా తేలిక బ్లాకులే వాడితే బరువు మూడో వంతుకు దిగుతుంది కదా అని అడిగాను. భూకంపానికి మేలే, గాలికి మాత్రం తేలిక గోడా బరువు గోడా ఒకటే, తేలికదాన్ని ఇంకా గట్టిగా కట్టిపడేయాలి అంది. రెండు రకాలు కలిసే చోట బీము ఉంది కనుక పగులు భయం లేదు. ప్రతి రెండడుగులకూ పిల్లరులో నుంచి వచ్చిన సన్న ఊచ గోడ వరసలో పడుకోవాలి. రోజుకు నాలుగడుగులకు మించి లేపకూడదు. ఇవీ షరతులు.

డిసెంబరు మొదటి వారంలో ఈ షరతు తప్పింది. మిచౌంగ్ తుపాను వస్తోందని టీవీలో చెబుతున్నారు. వాన పట్టుకుంటే పని ఆగుతుందని మేస్త్రి తొందరపడి, పై భాగంలో ఉత్తరపు ముక్కను ఒక్క రోజులో ఎనిమిదడుగులు లేపేశాడు. తేలిక బ్లాకులు జిగురుతో అంటించడం కదా, చకచకా లేచింది. నెత్తి మీద ఇంకా బీము తగల్లేదు. 5వ తేదీన తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు యాభై కిలోమీటర్ల దూరం. రాత్రంతా తలుపులు కొట్టుకుంటూనే ఉన్నాయి. పొద్దున వెళ్ళేసరికి మా వెనక స్థలం వాళ్ళ ప్రహరీ ముప్పై అడుగుల మేర పడుకుని ఉంది. ఆరడుగుల ఎత్తే, నడుమ ఒక్క పిల్లరూ లేదు.

మా గోడ నిలబడే ఉంది. "చూశారా సార్, చెక్కు చెదరలేదు" అన్నాడు మేస్త్రి. ఇంజనీరమ్మాయి మధ్యాహ్నం వచ్చి పరంజా ఎక్కి తూకపు గుండు వదిలింది. పై వరస దగ్గర దారానికీ గోడకూ మధ్య ముప్పావు అంగుళం ఎడం. లోపలికి ఒరిగింది. నాకు కంటికి ఏమీ తెలియలేదు.

"ప్లాస్టరింగులో సరిచేసేస్తానమ్మా" అన్నాడు మేస్త్రి.

"వంపును సున్నంతో కప్పగలరు మేస్త్రి గారూ, ఊడిన జిగురును అతికించలేరు" అని, సందు కనిపించిన వరసకు దిగువ నుంచి మొత్తం తీయించింది. బ్లాకులు, రెండు రోజుల కూలి పోయాయి. నేను సగం భరించాను, సగం అతను. ఆ పూట మా ముగ్గురిలో ఎవరూ టీ తాగలేదు. మళ్ళీ కట్టినప్పుడు రోజూ సాయంత్రం గుండు వదిలి చూసింది మేస్త్రే. పై బీము కింద అంగుళం ఖాళీ ఉంచి, గోడ సర్దుకునేందుకు వారం పైన ఆగి అప్పుడు బిగించాడు.

2024 శ్రావణంలో గృహప్రవేశం చేశాం. నడిమి పిల్లరు, బీము, బెల్టులు, పరంజా అద్దె అన్నీ కలిపి ఆ గోడ ఒక్కదానికే అదనంగా లక్షా ఎనభై వేలు అయినట్టు నా పుస్తకంలో ఉంది. ప్రవేశమైన కొద్ది రోజులకే ఆగస్టు నెలాఖరు కుండపోత. విజయవాడలో బుడమేరు ఇళ్ళను ముంచేసిన వానలే అవి. ఆ మర్నాడు పడమటి గోడ లోపలి వైపు, ఉత్తరపు మూల పిల్లరు పక్కన నిలువుగా చెమ్మ గీత కనిపించింది. గుండె ఆగినంత పనైంది.

ఇంజనీరమ్మాయి వచ్చి చూసి, అది గోడ పగులు కాదు, పిల్లరూ గోడా కలిసే చోట ప్లాస్టరింగు విడిందని తేల్చింది. కాంక్రీటు ఒక రకంగా, బ్లాకు ఒక రకంగా ఎండకు వ్యాకోచిస్తాయి. అందుకే ఆ అతుకు మీద రెండు వైపులా తలా ఆరంగుళాలు వచ్చేలా చికెన్ మెష్, అంటే సన్న తీగల వల, పరిచి పూత పూయమని ముందే చెప్పింది. గీకి చూస్తే లోపలి వైపు మెష్ ఉంది, బయట ఆ ఒక్క మూలే లేదు. తుపానుకు కూల్చి కట్టిన ముక్కే అది. హడావుడిలో మరిచారు. ఎండలు వచ్చాక ఆ మేర చెక్కి, మెష్ వేసి, మళ్ళీ పూయించాం.

తర్వాతి వానలకు గోడ తడవలేదు. హాలు పైకప్పు మధ్యలో పెట్టిన దీపం మాత్రం మూడు నెలలుగా వెలగడం లేదు. బల్బు మార్చాలంటే 21 అడుగుల పరంజా కావాలి. అద్దెకు అడిగితే ఒక్క రోజుకు ఇవ్వరట, వారానికి తక్కువ లేదన్నారు.